ఆయిలింజను వెనుక మనిషి: రుడాల్ఫ్ డీజిల్

డీజిలు అనే మాట తెలియని తెలుగువాడు ఉండడు. కరెంటు మోటార్లు రాకముందు మన పల్లెల్లో బావి గట్టున కూర్చుని నీళ్లు తోడింది ఆయిలింజనే. ఈనాటికీ దుక్కి దున్నే ట్రాక్టరు, వరికోత మిషను, ధాన్యం మోసే లారీ, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి వేటకు పోయే మరబోటు, ఇవన్నీ ఎక్కువగా ఆ ఇంజనుతోనే నడుస్తున్నాయి. రైతు ఖర్చుల చిట్టాలో ఎరువుల పద్దు పక్కన డీజిలు పద్దు ఉండి తీరుతుంది. అయితే డీజిలు అన్నది ముందు ఒక మనిషి పేరనీ, ఆ తర్వాతే నూనె పేరయిందనీ ఎంతమందికి తెలుసు?

తెలిసిన కొద్దిమందికైనా అతడు ఇంజను కనిపెట్టాడన్నంత వరకే తెలుసు. ఆ ఇంజనును నలుగురూ కొనే సరుకుగా మార్చడానికి అతడు వ్యాపారంలో దిగవలసి వచ్చిందనీ, ఆ వ్యాపారపు బరువు కింద అతని నిద్ర, ఆరోగ్యం, మనశ్శాంతి ఎలా నలిగిపోయాయో పాఠ్యపుస్తకాల్లో రాయరు. ఈ రోజుల్లో ఏ సభకు పోయినా యువకులు ఉద్యోగాల కోసం తిరగకూడదు, సొంత సంస్థలు పెట్టి పదిమందికి పని ఇవ్వాలి అంటున్నారు. మంచి మాటే. కాని సంస్థ పెట్టినవాడి మనసు సంగతి ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకు డీజిల్ జీవితం కంటే మంచి పాఠం నాకు కనిపించలేదు. అందుకే ఆ మహనీయుని చరిత్రను ఈ సంచికలో మిత్రుల ముందు ఉంచుతున్నాను.

బాల్యం - విద్య

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు మాత్రం జర్మన్లు. తండ్రి థియోడోర్ ఆగ్స్‌బర్గ్ నుంచి వలస వచ్చినవాడు. పుస్తకాలకు అట్టలు కట్టి, తోలు సామాన్లు తయారుచేసి అమ్ముకుంటూ సంసారాన్ని లాక్కొచ్చేవాడు. చిన్న వ్యాపారస్తుడి ఇల్లు ఎట్లా ఉంటుందో మనకు తెలియనిది కాదు. నాలుగు డబ్బులు వచ్చిన నెల పండుగ, రాని నెల అప్పు.

1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. పారిస్‌లో ఉన్న జర్మన్లందరూ మూటాముల్లె సర్దుకుని పోవలసి వచ్చింది. డీజిల్ కుటుంబం లండన్ చేరింది. అక్కడ జరుగుబాటు కష్టమై, 12 ఏళ్ల రుడాల్ఫ్‌ను ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి ఒంటరిగా పంపించేశారు. ఆ ఇంటి యజమాని లెక్కల మాస్టారు. కుర్రవాడికి చదువు అబ్బింది. పద్నాలుగో ఏటనే తాను ఇంజనీరు అవుతానని తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. పరాయి ఊళ్లో, అమ్మానాన్నలకు దూరంగా, స్కాలర్‌షిప్పు పోతే చదువే పోతుందన్న భయంతో చదివిన చదువు అది. మనలో హాస్టలు జీవితం తెలిసినవాళ్లకు ఈ విషయం వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. కష్టాన్ని లోపలే దాచుకోవడం అతనికి ఆ వయసులోనే అలవాటయిందేమో అనిపిస్తుంది.

స్కాలర్‌షిప్పు మీదనే మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడ అతనికి గురువుగా దొరికినవాడు కార్ల్ లిండే. మంచు తయారుచేసే యంత్రాలలో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన శాస్త్రజ్ఞుడు. ఉష్ణగతిక శాస్త్రం పాఠం చెబుతూ ఆయన ఒకరోజు ఆవిరి యంత్రం బొగ్గులోని వేడిలో నూటికి ఆరు మొదలు పది వంతుల వరకే పనిగా మారుస్తుందనీ, మిగిలినదంతా వృథాయేననీ వివరించాడట. ఆ మాట డీజిల్ మనసులో నాటుకుపోయింది. మనం సెకండియర్‌లో పరీక్ష కోసం బట్టీపట్టే కార్నో చక్రమే అతనికి జీవితకాలపు పని చూపించింది.

1879లో టైఫాయిడ్ వచ్చి పరీక్ష తప్పిపోయింది. కోలుకునే వరకూ ఊరకే కూర్చోకుండా స్విట్జర్లాండులోని సుల్జర్ కర్మాగారంలో పని నేర్చుకున్నాడు. 1880 జనవరిలో పరీక్ష రాసి అత్యున్నత స్థాయిలో ఉత్తీర్ణుడయ్యాడు. వెంటనే లిండే అతణ్ణి తన మంచు యంత్రాల సంస్థ తరఫున పారిస్‌కు పంపించాడు. 1883లో మార్తా ఫ్లాషేతో వివాహమైంది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు కలిగారు. 1890లో కాపురం బెర్లిన్‌కు మారింది. మంచి జీతం, చల్లని సంసారం. ఇంకొకరైతే అక్కడితో తృప్తి పడేవారు.

ఇంజనుకు పట్టిన నాలుగేళ్లు

డీజిల్ ఆలోచన చెప్పడానికి తేలిక. గాలిని సిలిండరులో గట్టిగా అదిమితే అది వేడెక్కుతుంది. సైకిలు పంపు అడుగు చేత్తో పట్టుకుంటే ఈ సంగతి చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. ఆ అదుముడు చాలినంత ఎక్కువైతే, అందులోకి చిమ్మిన నూనె నిప్పురవ్వ అక్కర లేకుండానే తనంతట తాను అంటుకుంటుంది. అప్పుడు వేడిలో ఎక్కువ భాగం పనిగా మారుతుంది. ఈ ఆలోచనకు 1893 ఫిబ్రవరిలో జర్మనీ ప్రభుత్వం పేటెంటు ఇచ్చింది. అదే ఏడు అతడు ఒక సిద్ధాంత గ్రంథం కూడా ప్రచురించాడు.

కాగితం మీద ఇంజను వేరు, ఇనుముతో ఇంజను వేరు. అంత ఒత్తిడిని తట్టుకునే సిలిండరు ఆనాటికి ఎవరూ పోత పోయలేదు. ఇక్కడే డీజిల్‌కు ఒక అదృష్టం కలిసి వచ్చింది. ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారానికి అధిపతిగా ఉన్న హైన్రిష్ బుజ్ ప్రయోగానికి చోటు, మనుషులు, సామగ్రి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఉక్కు వ్యాపారంలో పేరుమోసిన క్రుప్ సంస్థ కూడా చేతులు కలిపి ఏటా 30,000 మార్కుల జీతం ఏర్పాటు చేసింది.

1893 ఆగస్టు 10న మొదటి ప్రయోగం. సిలిండరులో ఒత్తిడి 80 వాతావరణాలకు ఎగబాకింది. ఒత్తిడి కొలిచే పరికరం తుపాకి గుండులా పేలి ముక్కలయింది. పక్కనున్నవాళ్లు త్రుటిలో బతికి బయటపడ్డారు. ఇంజను తిరగలేదు గాని, నూనె తనంతట తాను అంటుకుంటుందన్న సిద్ధాంతం నిజమని తేలింది. మళ్లీ విప్పారు, మళ్లీ కట్టారు. 1894 ఫిబ్రవరి 17న, బయటి బెల్టుతో ఇంజనును తిప్పుతుండగా, లిండర్ అనే మెకానిక్ ఒక సంగతి కనిపెట్టాడు. బెల్టు ఇంజనును లాగడం లేదు, ఇంజనే బెల్టును లాగుతోంది! అతడు నోట మాట లేకుండా తలమీది టోపీ తీశాడట. ఆ రోజు ఇంజను సొంతంగా తిరిగింది నిమిషానికి 88 చుట్ల వేగంతో, ఒక్క నిమిషం మాత్రమే.

ఆ ఒక్క నిమిషాన్ని గంటలుగా, రోజులుగా మార్చడానికి ఇంకా మూడేళ్లు పట్టింది. ఈ కాలంలో చాలా రోజులు డీజిల్ ఆగ్స్‌బర్గ్‌లో, భార్యాబిడ్డలు బెర్లిన్‌లో. మాటలన్నీ ఉత్తరాల్లోనే. తలనొప్పులు అప్పటికే అతణ్ణి పట్టుకున్నాయి. చివరకు 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ ష్రోటర్ సమక్షంలో జరిగిన పరీక్షలో ఇంజను నూనెలోని వేడిలో నూటికి 26.2 వంతులు పనిగా మార్చింది. ఆనాటి మామూలు ఆవిరి యంత్రం పది వంతులకే ఆపసోపాలు పడేది. యావత్ యూరప్ ఖండం నివ్వెరపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఈ నాలుగేళ్లలో ఎన్నిసార్లు ఇంజను మొరాయించినా బుజ్ దాన్ని పారేయమనలేదు. పగిలితే మళ్లీ పోత పోయించాడు. ఇంజనుకు పొరపాటు చేసే హక్కు ఇచ్చాడు, ఓపికతో గడువు ఇచ్చాడు. ఇంత పెద్ద మనసు ఆ ఇంజనును కన్న మనిషి విషయంలో ఎవరూ చూపలేదు. అన్నిటికంటె విచారకరమేమంటే, డీజిల్ తన మీద తానే చూపుకోలేదు.

డబ్బు వచ్చింది, నిద్ర పోయింది

పరీక్ష నెగ్గగానే లైసెన్సుల కోసం దేశదేశాల వ్యాపారులు క్యూ కట్టారు. అమెరికాలో బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ 1897లో పది లక్షల మార్కులిచ్చి అమెరికా, కెనడాల హక్కులు కొన్నాడు. రష్యా నుంచి ఇమాన్యుయెల్ నోబెల్ వచ్చాడు. నలభై ఏళ్లు నిండకముందే డీజిల్ కోటీశ్వరుల వరుసలో నిలిచాడు.

కాని ఇంజను ఇంకా పసిగుడ్డు. ప్రయోగశాలలో పెంచినవాళ్ల చేతుల్లో తిరిగినట్టు, కొనుక్కున్నవాళ్ల చేతుల్లో తిరగలేదు. 1898లో కెంప్టెన్ అనే ఊళ్లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి మొదటి ఇంజను అమ్మారు. దానితో వచ్చిన చిక్కులు ఇన్నీ అన్నీ కావు. ఇంజను ఎక్కడ ఆగినా తంతి డీజిల్‌కే వచ్చేది. మరోవైపు, ఈ ఆలోచన మాదేనంటూ పేటెంటు మీద కోర్టులో దావాలు పడ్డాయి. బుజ్ కర్మాగారం ఒకవైపు ఉండగానే, డీజిల్ పేరుమీద ఆగ్స్‌బర్గ్‌లోనే మరొక కొత్త ఫ్యాక్టరీ లేచింది. చేతికి రాని పైరు మీద అప్పు తెచ్చినట్టు, తయారు కాని సరుకు మీద ఆశలు అమ్మారన్నమాట. ఆ ఫ్యాక్టరీ నిలదొక్కుకోలేదు.

1898 సెప్టెంబరులో తన హక్కులన్నీ ఒక కొత్త కంపెనీకి 35 లక్షల మార్కులకు అప్పజెప్పాడు. పైకి చూస్తే బరువు దించుకున్నట్టే. కాని అదే శరదృతువులో అతని నరాలు పూర్తిగా సడలిపోయాయి. మ్యూనిక్‌లోని నాయ్‌విట్టెల్స్‌బాఖ్ శానిటోరియంలో చేరాడు. తర్వాత మెరానో కొండల్లో విశ్రాంతి. 1899 వసంతం దాకా, అంటే దాదాపు ఆరు నెలలు, పనికి దూరంగా ఉండవలసి వచ్చింది. దాన్ని అప్పట్లో పని ఎక్కువైన అలసట అని సరిపెట్టుకున్నారు. తల తిరుగుతోంది, నిద్ర రావడం లేదు, తలపోటు తగ్గడం లేదు అని శరీరం ఎన్నో విధాల చెప్పినా, విశ్రాంతి అనేది మళ్లీ పరుగెత్తడానికి మధ్యలో తీసుకునే ఊపిరి మాత్రమే అయింది. తిరిగి వచ్చాక ఉన్నది అవే దావాలు, అవే తంతులు, అదే ఒంటరి పోరు. రోగికి మందిచ్చారు గాని రోగం తెచ్చిన బతుకును ఎవరూ మార్చలేదు.

పైన పటారం

1900లో పారిస్ మహా ప్రదర్శనలో డీజిల్ ఇంజనుకు అత్యున్నత బహుమతి దక్కింది. 12 ఏళ్ల వయసులో తనను వెళ్లగొట్టిన నగరంలోనే ఈ గౌరవం! ఆ ప్రదర్శనలోనే ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. తమ ఆఫ్రికా వలసల్లో పండే కాయలతో అక్కడి యంత్రాలు నడవాలన్నది ఫ్రెంచి ప్రభుత్వం ఉద్దేశం. రైతు తన పొలంలో పండిన గింజతోనే తన ఇంజను నడుపుకోవచ్చునన్న ఆలోచనను డీజిల్ తర్వాత 1912లో కూడా ప్రస్తావించాడు. అనంతపురం, కర్నూలు జిల్లాల వేరుశనగ రైతు ఈ మాట వింటే సంతోషిస్తాడు.

మ్యూనిక్‌లో మారియా తెరేసియా వీధిలో రాజభవనం వంటి ఇల్లు కట్టించాడు. అందుకు అయిన ఖర్చు దాదాపు తొమ్మిది లక్షల మార్కులని జీవిత చరిత్రకారులు చెబుతారు. నగరం చుట్టుపక్కల భూముల మీద పెట్టుబడి పెట్టాడు. అవి కలిసి రాలేదు, పైగా కొత్త వ్యాజ్యాలు తెచ్చిపెట్టాయి. ఇంజను లెక్కల్లో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని మనిషి, సొంత డబ్బు లెక్కల్లో మాత్రం ఆశ మీద ఆశ పేర్చుకుంటూ పోయాడు. లోపల లొటారం మొదలైంది. ఇంట్లోవాళ్లకు మాత్రం పటారమే కనబడేది.

అతణ్ణి కేవలం డబ్బు మనిషి అనుకుంటే పెద్ద అన్యాయం చేసినవాళ్లమవుతాం. 1903లో సాలిడారిస్మస్ అనే పేరుతో ఒక పుస్తకం రాశాడు. కార్మికులు తలా కొన్ని పైసలు వేసి ఒక ప్రజానిధి ఏర్పాటు చేసుకోవాలి, ఆ నిధి హామీగా నిలబడితే కార్మికులే యజమానులై సంస్థలు నడుపుకోవచ్చు అన్నది దాని సారాంశం. ఒకరికొకరు హామీ పడాలన్నమాట! పదివేల ప్రతులు అచ్చువేస్తే అమ్ముడుపోయినవి కొన్ని వందలే. ఒకరి కష్టానికి పదిమంది హామీ నిలవాలని లోకానికి చెప్పిన మనిషి, తన కష్టం వచ్చినప్పుడు ఒక్కరినీ హామీ అడగలేదు. అతని జీవితంలో నన్ను ఎక్కువగా కదిలించిన విషయం ఇదే.

1908 నాటికి ప్రధాన పేటెంటు గడువు తీరిపోయింది. ఇక ఎవరైనా డీజిల్ ఇంజను చేసుకోవచ్చు, అతనికి దమ్మిడీ ఇవ్వనక్కరలేదు. విచిత్రమేమంటే ఇంజను అసలు వైభవం ఆ తర్వాతే మొదలైంది. 1912లో డెన్మార్కు ఓడ సెలాండియా డీజిల్ ఇంజనులతో మహాసముద్రాలు దాటింది. అదే సంవత్సరం డీజిల్ అమెరికా వెళ్లి సన్మానాలు పొందాడు. ఇంజను పెరిగే కొద్దీ దాని పుట్టింటికి ఆదాయం తగ్గిపోయింది.

ఆపైన పండితుల దాడి. 1893 పేటెంటులో రాసిన ఇంజను వేరు, తర్వాత తిరిగిన ఇంజను వేరు, కాబట్టి ఇందులో డీజిల్ గొప్పేమీ లేదు అని కొందరు ప్రొఫెసర్లు వాదించారు. మొదటి లెక్కలో తేడా ఉన్నమాట నిజమే. దాన్ని అతడే ముందుగా గ్రహించి 1893 చివరికల్లా రెండో పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ప్రయోగం చేస్తూ సిద్ధాంతాన్ని దిద్దుకోవడం తప్పయితే విజ్ఞానశాస్త్రమే తప్పు కావాలి! 1912 నవంబరులో బెర్లిన్‌లో ఇంజను పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుంటూ ఉపన్యసించినప్పుడు నిండు సభలో అతణ్ణి నిలదీశారు. 1913లో డీజిల్ కథ అంతా కట్టుకథేనంటూ ఒక పుస్తకమే వచ్చింది. చేతిలో డబ్బు లేని సమయంలో ఉన్న ఒక్క పేరు కూడా ఊడలాగితే మనిషి ఏమైపోవాలి?

1913 సెప్టెంబరు 29

ఆనాటి సాయంకాలం బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే స్టీమరెక్కాడు. ఇంగ్లండులో డీజిల్ ఇంజనుల కంపెనీ సమావేశానికి వెళ్లాలి. వెంట ఇద్దరు మిత్రులున్నారు. ముగ్గురూ కలిసి భోజనం చేశారు, డెక్కు మీద మాట్లాడుకుంటూ తిరిగారు. రాత్రి పది గంటల వేళ, పొద్దున్నే లేపమని చెప్పి తన గదికి వెళ్లాడు. తెల్లవారి చూస్తే గదిలో లేడు. పక్కమీద పడుకున్న గుర్తు కూడా లేదు. కొన్ని రోజుల తర్వాత డచ్చి పడవవాళ్లకు సముద్రంలో ఒక శవం దొరికింది. దాని మీద ఉన్న చిన్నచిన్న వస్తువులను కొడుకు యూజెన్ తన తండ్రివని గుర్తుపట్టాడు. వయసు 55 సంవత్సరాలు.

ఎవరో చంపించారని ఆనాటి పత్రికలు రకరకాలుగా రాశాయి. యుద్ధమేఘాలు కమ్ముకుంటున్న కాలం, జలాంతర్గాములకు ఆ ఇంజనే కావాలి, కాబట్టి పుకార్లకు కొదవ లేదు. వాటికి ఋజువులు దొరకలేదు. అతడు తన ప్రాణం తానే తీసుకున్నాడనే చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. భార్యకు ఇచ్చి వెళ్లిన సంచీలో 20,000 మార్కుల నగదు, దాదాపు ఖాళీ అయిన బ్యాంకు ఖాతాల కాగితాలు ఉన్నాయి. తమ సంసారం ఎంతగా అప్పుల్లో మునిగిపోయిందో మార్తాకు, పిల్లలకు అతడు పోయిన తర్వాతే పూర్తిగా తెలిసింది.

దీనికి అప్పు ఒక్కటే కారణమని తేల్చి చెప్పడం సరికాదు. పదిహేనేళ్లుగా వెంటాడిన అనారోగ్యం, అవమానం, ఒంటరితనం అన్నీ కలిశాయి. అప్పు తీరే దారి ఎప్పుడూ ఒకటి ఉంటుంది. ఇల్లు అమ్మొచ్చు, వాయిదా అడగొచ్చు, దివాలా ప్రకటించొచ్చు. ఆ దారులు కనబడకుండా చేసేది జబ్బు. ఆ జబ్బుకు వైద్యం కావాలి, పక్కన మనిషి కావాలి. డీజిల్ చుట్టూ మేధావులున్నారు, కోటీశ్వరులున్నారు, ప్రేమించే భార్య ఉంది. లెక్కల పుస్తకం విప్పి చూపించగలిగిన మనిషి మాత్రం లేడు, లేదా ఉన్నాడని అతనికి అనిపించలేదు.

గురువు నడిచిన దారి

వ్యాపారమంటేనే ఇంత, శాస్త్రజ్ఞులు దాని జోలికి పోకూడదు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. డీజిల్‌కు పాఠం చెప్పిన లిండే సంగతే చూద్దాం. ఆయనా శాస్త్రజ్ఞుడే, ఆయనా వ్యాపారం పెట్టాడు. అదే దేశం, అదే కాలం. 1879లో ప్రొఫెసరు పని వదిలి మంచు యంత్రాల సంస్థ స్థాపించినప్పుడు ఆయన ఒంటరిగా దిగలేదు. చల్లదనం అవసరమైన బీరు తయారీదారులను, యంత్రాలు కట్టే బుజ్‌ను మొదటినుంచీ భాగస్వాములుగా కూర్చోబెట్టుకున్నాడు. సరుకు కొనేవాడు, సరుకు చేసేవాడు, సరుకు కనిపెట్టినవాడు ఒకే బల్ల చుట్టూ ఉన్నారన్నమాట. నష్టం వస్తే నలుగురి మీదా పడుతుంది, రాత్రి నిద్ర చెడితే నలుగురికీ చెడుతుంది.

దాదాపు పదకొండేళ్లు సంస్థను నడిపి, 1890లో రోజువారీ పెత్తనం ఇతరులకు అప్పజెప్పి, సలహా చెప్పే స్థానానికి తప్పుకున్నాడు. మ్యూనిక్‌కు తిరిగి వచ్చి ప్రయోగాల్లో పడ్డాడు. గాలిని ద్రవంగా మార్చే ఘనకార్యం 1895లో ఆయన చేసింది ఆ తీరికలోనే. 1934లో తన 92వ ఏట కన్నుమూశాడు. ఆయన పెట్టిన సంస్థ వారసత్వం లిండే అనే పేరుతోనే నేటికీ నడుస్తోంది.

గురువు మనసు గట్టిది, శిష్యుడి మనసు బలహీనం అని ఈ పోలిక అర్థం కాదు. జబ్బు పడటం బలహీనత కాదు. లిండే తన చుట్టూ కట్టుకున్న ఏర్పాటు వేరు, అంతే. ఇంజను ఎంత గొప్పదైనా వేడెక్కితే చల్లార్చడానికి చుట్టూ నీళ్లు తిరగాలి. నీళ్లు లేకుండా నడిపితే పిస్టను పట్టేస్తుంది. అది ఇంజను తప్పంటామా?

మనం నేర్చుకోవలసినది

ఈనాడు హైదరాబాదులో 2015లో మొదలైన టీ-హబ్ వంటివి మొదలుకొని కాలేజీల్లోని చిన్నచిన్న కేంద్రాల దాకా కొత్త సంస్థలకు చోటు, సలహా, పెట్టుబడి దొరికే మార్గాలు ఏర్పడ్డాయి. ఇవన్నీ బుజ్ తన ఫ్యాక్టరీలో ఇంజనుకు ఇచ్చిన చోటు లాంటివే. చాలా సంతోషం. కాని పెట్టుబడి పెట్టేవాళ్లు మూడు నెలలకోసారి అమ్మకాల లెక్క అడిగినట్టే, నిద్ర పడుతోందా, ఇంటికి పోతున్నావా అని కూడా అడగాలి. లెక్క ఒక్కడి దగ్గరే ఉండకుండా, నిజమైన అప్పు ఎంతో తెలిసినవాళ్లు కనీసం ఇద్దరుండాలి. అందులో ఒకరు ఇంట్లోవాళ్లయితే మరీ మంచిది. ఇంటి డబ్బు, సంస్థ డబ్బు రెండు వేరు పెట్టెల్లో ఉండాలి. సంస్థ పోయినా ఇల్లు నిలవాలి, ఇల్లు నిలిస్తే మనిషి నిలుస్తాడు, మనిషి నిలిస్తే మరో సంస్థ పెట్టొచ్చు. పదేళ్లు నిలిచే వ్యాపారం కావాలంటే దాన్ని నడిపేవాడు పదేళ్లు నిలవాలి గదా!

ఈ మాటలు పట్నంలో కంపెనీలు పెట్టేవాళ్లకే అనుకోవద్దు. నేను రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి. రైతును ఎవరూ వ్యాపారస్తుడనరు గాని, విత్తనం మీద, బోరు మీద, వాన మీద పెట్టుబడి పెట్టి, ధర తన చేతిలో లేని సరుకు పండించేవాడికంటె సాహసం చేసే వ్యాపారి ఎవరున్నారు? అప్పు ఎంతయిందో భార్యకు చెప్పడు, కాలేజీలో చదివే కొడుక్కి అసలే చెప్పడు. వాడి చదువు పాడవుతుందని భయం. మ్యూనిక్ భవనంలో డీజిల్ చేసినదీ ఇదే. మన పల్లెల్లో ఎన్ని ఇళ్లల్లో మార్తా లాగా ఆడవాళ్లకు అంతా అయిపోయిన తర్వాత లెక్క తెలిసిందో ఈ కాలేజీలో చాలామందికి తెలుసు. పండక్కి ఇంటికి పోయినప్పుడు మార్కులు చెప్పడంతో సరిపెట్టకుండా, నాన్నా, ఈ ఏడు అప్పు ఎంతయింది, ఎవరెవరికి ఇవ్వాలి అని మనమే అడుగుదాం. మొదట కసురుకోవచ్చు. అయినా అడగాలి. చెప్పుకున్న అప్పు సగం తగ్గదు గాని, దాన్ని మోసే భుజాలు రెండవుతాయి.

డీజిల్ కాలంలో మనసు జబ్బు అంటే పరువు తక్కువ. వైద్యం కూడా అంతంత మాత్రం. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ వైద్యాన్ని ప్రతి పౌరుడి హక్కుగా గుర్తించింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఫోను సేవను ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళప్పుడు ఫోను చేసినా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బులు పడవు. జ్వరం వస్తే డాక్టరు దగ్గరకు పోవడానికి సిగ్గుపడం. నిద్ర పట్టని రాత్రులు వారాల తరబడి సాగితే, బతుకు మీద ఆశ సన్నగిల్లితే, దానికీ అంతే. మనకోసమే కాదు, మన రూమ్మేటు కోసం, మన నాన్న కోసం ఈ నంబరు గుర్తుంచుకోవాలి.

రుడాల్ఫ్ డీజిల్ పోయి నూరేళ్లు దాటింది. అతని ఇంజను ఇంకా మన చేలల్లో తిరుగుతూనే ఉంది. దానికి వేళకు నూనె పోస్తాం, నీళ్లు చూస్తాం, చప్పుడులో చిన్న తేడా వచ్చినా ఆపి మెకానిక్‌ను పిలుస్తాం. మిత్రులారా! అంత శ్రద్ధ మన పక్కన కూర్చున్న మనిషి మీద కూడా పెడదాం. సొంత సంస్థ పెట్టాలని కలలు కంటున్న మిత్రుడు మీ తరగతిలో ఒకడు తప్పక ఉంటాడు. అతనికి పెట్టుబడి ఇవ్వలేకపోవచ్చు. వారానికోసారి ఎలా ఉన్నావని అడిగి, జవాబు పూర్తిగా వినే తీరిక మాత్రం మనందరి దగ్గరా ఉంది.

- బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం